మోనాచారి ఎంచుకున్న దిమ్మ

నేను ఒక సీసపు దిమ్మను. ఎత్తు జానెడు, బరువు మాత్రం ఒక మనిషి ఎత్తితే నడుము పట్టుకునేంత. పాత కేబుళ్ల తొడుగులు, చచ్చిన బ్యాటరీల పలకలు కరిగించి వరంగల్‌లో ఎవరో నన్ను పోతపోశారు. గొప్పగా చెప్పుకునే పుట్టుక కాదు నాది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు కదా, నా ఉద్యోగమే అది. నా మీద రేకు పెట్టి సుత్తెతో మొత్తుతారు. నేను లోపలికి ఒదుగుతాను, రేకు చిరగకుండా నాతోపాటు వంగుతుంది. అలా వంచి వంచి ఛాతీ కవచాలు, భుజాల తొడుగులు చేస్తారు.

నన్ను కొన్నవాడు మోనాచారి. జనగామ వైపు ఇత్తడి రేకుపని చేసే ఒక వీధిలో, అతుకు లేకుండా ఒకే రేకులోంచి కవచం లేపగల చెయ్యి ఆయనదొక్కటే. ఆ కుడిచెయ్యే ఆ ఇంటికి అన్నం, పేరు, కొంచెం పొగరు కూడా. సినిమావాళ్లు రాజుల కథ తీస్తూ సైన్యానికి సరిపడా కవచాలు కావాలన్నారు. చెక్క మొద్దు మీద అంత పని తెమలదని, మెత్తని లోహపు దిమ్మ కోసం భార్య అండాళుతో కలిసి దుకాణానికి వచ్చాడు.

నా పక్కనే ఒక తగరపు దిమ్మ ఉంది. తెల్లగా, శుభ్రంగా. అండాళు రెండింటినీ వేలితో రుద్ది చూసింది.

"గీ తగరమే తీస్కో. చేతికేం అంటుతలేదు. గిది చూడు, ఏలంతా నల్లగైంది. కడుపులకు పోతే ఏం గావాలె?"

"పనోనికి మసి అంటకుంటదా?" మోనాచారి నవ్వాడు. "దీని మీద సుత్తె ఎగురది. చెప్పినట్టు ఇంటది."

పొగడ్తకు పొంగిపోయాను. నాకు నోరుంటే "అమ్మ మాట వినవయ్యా" అని ఉండేదాన్నేమో. అబద్ధమెందుకు, అని ఉండేదాన్ని కాదు. నచ్చిందని నలుగురిలో అన్నాక, పక్కదాని మంచి చెప్పబుద్ధి ఎవరికి పుడుతుంది?

పదకొండేళ్లు ఆయన కొట్టాడు, నేను ఒదిగాను. ఒళ్లంతా గుంటలు పడ్డప్పుడల్లా కరిగించి మళ్లీ పోసేవాడు. అదీ ఆరుబయట కాదు. గాలి తగిలితే పైపొర ముడతలు పడుతుందని కొట్టు తలుపులు మూసి మరీ. నా పొగంతా ఆయన ముక్కులోకే పోయేది. నా ఒళ్లు చల్లన కాబట్టి తమలపాకులు నా గుంటలోనే పెట్టుకునేవాడు. మసి చేత్తోనే సున్నం రాసి, చుట్టి, దవడన పెట్టుకునేవాడు. దసరాకు పనిముట్లన్నింటికీ బొట్లు పెట్టి, పులిహోర నా గుంటలోనే నైవేద్యం పెట్టి, అక్కడినుంచే తీసుకుని తినేవాడు. అన్నం పెట్టేదానిలోనే ప్రసాదం తినాలట. పులుపు తగిలితే నేను కరుగుతానని ఆయనకు తెలియదు. ఆయన కళ్లకద్దుకుని తింటుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో! ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ముందు కడుపునొప్పి వచ్చింది, వాము నమిలాడు. తర్వాత నిద్ర కరువైంది, కోపం పెరిగింది. ఉత్తుత్తి కత్తులతో యుద్ధం చేసే నటులకు అంత గట్టి కవచాలు చేసిచ్చిన మనిషి, తన ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు.

ఒక ఉదయం సుత్తె జారిపోయింది. వంగి తీయబోయాడు. మణికట్టు దగ్గర చెయ్యి తువాలులా వేలాడింది, లేపుదామంటే లేవలేదు.

నరదిష్టి అంది వీధి. గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టారు. ఆసుపత్రిలో రక్తం చూసిన డాక్టరు మాత్రం, ఒంట్లో సీసం చేరిందని, ఇక ముట్టుకోవద్దని, చెయ్యి ఎంతవరకు తిరిగొస్తుందో చెప్పలేనని అంది. ఇంటికొచ్చి మోనాచారి భార్యతో అన్నది ఒకటే మాట.

"ఎవలకు చెప్పకు. పనిముట్టే పనోన్ని కరిచిందంటే నవ్వుతరు."

అండాళు నోరు మూసుకుంది. గుమ్మడికాయ వేలాడుతూనే ఉంది. అలా గడిచిన మూడు నెలల్లో అదే వీధిలో ఇంకెందరు తలుపులు మూసి నాలాంటివాటిని కరిగించారో!

అప్పుడొచ్చాడు పక్కింటి సదానందం. అతనూ రేకుపనివాడే.

"అన్నా, నువ్వు ఇప్పట్ల కొట్టవు గద. గా దిమ్మ నాకియ్యరాదు? ఉత్తగనే పడున్నది."

అంటూనే నా మీద అరచెయ్యి వేసి నిమిరాడు. మోనాచారి తల దించుకున్నాడు. అవునంటే దిష్టి దిష్టిగానే ఉండిపోతుంది, తన పరువు తనకుంటుంది. గడపలో నిలబడి అండాళు మొగుడివైపే చూస్తోంది.

"చెయ్యి తియ్యి తమ్మీ," అన్నాడు చివరికి. "దిష్టి కాదు, ఏం కాదు. నా చెయ్యిని తిన్నది గిదే. దీని మసి, దీని పొగ రక్తంల కలిసినయట. కొన్ననాడే మీ వదినె తగరం తీస్కోమన్నది. నేనే ఇనలే."

సదానందం చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "నేను చెప్పలేదా" అనే హక్కు అండాళుకు ఉంది. ఆమె ఆ మాట అనలేదు. చెంబుతో నీళ్లు, సబ్బు తెచ్చి, "కడుక్కో మరిదీ" అని అతని చేతుల మీద పోసింది.

వారం తిరగకుండా, ఇలాంటి సరుకు జాగ్రత్తగా తీసుకునే గోదామువాళ్లు వచ్చి నన్ను ఇనుప డబ్బాలో పెట్టారు. మూత వేయబోతుంటే మోనాచారి ఆగమన్నాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన దండం పెట్టబోయాడు. ఎడమచెయ్యి గుండెదాకా లేచి, కుడిచెయ్యి కోసం కాసేపు ఆగింది. అది రాలేదు. ఆ ఒక్క చేత్తోనే దండం పెట్టి, మూత వేయమన్నాడు.