చూడకుండా చెరిపినవి

అన్యాయం జరిగింది నాకు. చేసినది నా భర్త కాంతారావు గారు. నా రెండేళ్ల పనిని ఒక్కసారైనా తెరిచి చూడకుండా చెరిపేశారు. చెరిపేసి నవ్వారు.

మచిలీపట్నంలో మా ఇంటి ముందుగదే ఆయన ఆఫీసు. దివిసీమ రొయ్యల రైతుల కోసం, చెరువు నీటి పరీక్షలు చూసి సలహా చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం ఆయనా, ఉద్యోగి రాజబాబూ రాసేవారు. తెర మీద కనబడవలసిన తెలుగు నాకు అప్పగించారు, జీతం మాట లేకుండా. కాన్వెంటులో చదివి, అక్కడే ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పి రిటైరైన నేను నాగాయలంక బస్సెక్కి, చెరువు గట్ల మీద నిలబడి, రైతుల మాట రైతుల తీరులోనే రాసుకొచ్చి టైపు చేశాను. "నీళ్లలో గాలి తగ్గింది, రొయ్య పైకి తేలుతోంది, మేత ఆపండి" వంటివి ఆరువందల పన్నెండు వాక్యాలు.

ఏ ఫైలు ఎవరు మార్చారో గుర్తుంచుకునే గిట్ అనే రికార్డు ఆ ఆఫీసులో ఉండేది. అందులో చేర్చినది పోయినా వెనక్కి తెచ్చుకోవచ్చు. చేర్చనిది పోతే పోయినట్టే. ఇంటి మనిషి రాసినవి కనక నావి ఎవరూ చేర్చలేదు. 2008 వానాకాలంలో, రికార్డులో లేనివన్నీ ఆయన ఒక్క ఆజ్ఞతో ఊడ్చేశారు.

"నా వాక్యాలేవండీ?"

"చెత్తలో పోయుంటాయి. మళ్లీ కొట్టుకోవే, నీకూ పొద్దుపోవాలిగా!" అని రాజబాబు వైపు తిరిగి నవ్వారు. రాజబాబు తల వంచుకున్నాడు.

నాలుగు నెలలు మళ్లీ కొట్టాను. అన్నం వడ్డించాను, బీపీ మాత్రలు అందించాను. ఎంతవరకు వచ్చిందని ఆయన అడగలేదు. ఒక కప్పు కింద ఇద్దరం ఉండి కూడా, నా గొంతు నేనే విని ఉలిక్కిపడే రోజులుండేవి.

మరుసటి ఏడు ఆయనకు కంటి ఆపరేషన్ అయి, కొన్నాళ్లు తెర చూడకూడదన్నారు. "తాయారూ, ఫోల్డరు నిండిపోయింది, ఆ చెత్త తీసెయ్" అని పురమాయించారు. ఆ ఊడ్చే ఆజ్ఞకు ఎన్ అక్షరం తగిలిస్తే ఏదీ చెరగదని, పోబోయే వాటి పేర్లు మాత్రం చూపిస్తుందని రాజబాబు దగ్గర అప్పటికే నేర్చుకున్నాను. ఇరవైమూడు పేర్లు వచ్చాయి. వాటిలో మళ్లీ కొట్టిన నా వాక్యాలున్నాయి, వాటినీ ఎవరూ చేర్చలేదు. ఆయన మూడు నెలలు కూర్చుని రాసి, చేర్చడం మరిచిన భాగమూ ఉంది.

నాది చేర్చుకుని, ఎన్ తీసి, నిజంగా చెరిపేసే ఎఫ్ కొడితే చాలు. ఆయన చెప్పిన పనే చేసినదాన్నవుతాను. వేలు చాలాసేపు ఆ అక్షరం మీదే ఉంది. కాని ఆయన చూడకుండా చెరిపారు. నేను చూసి చెరిపితే అంతకన్నా హీనం.

ఆయన్ని పిలిచి ఒక్కొక్క పేరూ చదివాను. తనది వినగానే లేచారు. "అయ్యో! తీసేశావా?"

"లేదు. అడుగుతున్నాను."

ఆయనది ఆయన పేర, నాది నా పేర చేర్చాను. మిగతావి అక్కర్లేదని చెప్పించుకున్నాకే చెరిపాను.

"నీ పేరెందుకే మధ్యలో?"

"రాసింది నేను కనక. ఇంకొకటి. ఆ రోజు చేసింది తప్పని రాజబాబు ముందు చెప్పండి. నవ్వింది అతని ముందేగా."

"ఇప్పుడా, ఆ పాత గొడవ?"

"ఇప్పుడే."

ఆయన పక్క బల్ల దగ్గరున్న రాజబాబు వైపు తిరిగారు. "రాజబాబూ, మేడమ్ గారి పని చూడకుండా తీసేశాను. నవ్వాను కూడా. తప్పు నాది."

"తెలుసండీ" అన్నాడు రాజబాబు మెల్లగా.

నాకు రావలసినది పూర్తిగా ముట్టింది. అది రాబట్టుకునేదాకా ఆ ఇల్లు వదలకూడదనే ఇన్నాళ్లూ ఆగాను. మర్నాడు పెట్టె సర్దుకుని, మా పుట్టింటి ఊరు గుడివాడ బస్సెక్కాను.