సగం సీసా

పైపు మీద చెయ్యి వేసి రాజం మరోసారి విన్నాడు. చెవితో కాదు, అరచేత్తో. నీళ్ళు నిండుగా పోతుంటే పైపు ఒకలా వణుకుతుంది, గాలి పట్టిందంటే ఇంకోలా కొట్టుకుంటుంది. ఇప్పుడు నిండుగానే పోతున్నాయి. చేతిని ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ చెక్క మీద కూర్చున్నాడు. తలమీది లైటు వెలుతురులో బొగ్గు దుమ్ము తీరిగ్గా తిరుగుతోంది.

గోదావరిఖనిలో బొగ్గు తవ్వేవాళ్ళ గురించి నలుగురూ చెప్పుకుంటారు, పాటలు కడతారు. గని అడుగున ఊరే నీళ్ళను పైకి పంపుతూ ఒక మూల కూర్చునే పంపు ఖలాసీ మీద ఇంతవరకు ఎవరూ పాట కట్టలేదు. కట్టడానికి అందులో ఏముంది గనక? నీళ్ళు ఊరుతాయి, రాజం తోడిస్తాడు, మళ్ళీ ఊరుతాయి. ఉద్యోగం నుంచి దిగిపోయే ఏడు దగ్గర పడింది. ఇన్నేళ్ళలో ఆయన్ను ఎవరూ తిట్టిందీ లేదు, పొగిడిందీ లేదు.

ఇవాళ మాత్రం ఆయన మనసు పంపు మీద లేదు. రేపు పొద్దున బండికి బిడ్డ వస్తోంది. వచ్చీ రాగానే, "ఎట్లున్నది బాపూ?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఇంకా ఆయన దగ్గర లేదు.

బిడ్డ పేరు సహస్ర. హైదరాబాద్‌లో బీరు తయారు చేసే ఒకచోట పనిచేస్తుంది. ఫ్యాక్టరీ బీరు కాదు, పెద్ద పెద్ద పాత్రల్లో అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే పోసే బీరు. ఆ సంగతి తెలిసిననాడు కాలనీ అంతా బుగ్గలు నొక్కుకుంది. చదివించింది సారా కాయడానికా అని బంధువులు మొహం మీదే అన్నారు. తల్లి పోశవ్వ సిగ్గుతో కొన్నాళ్ళు పక్క క్వార్టర్ల గుమ్మం తొక్కలేదు. రాజం ఒక్కడే, "దొంగతనం చేస్తలేదు కదనే, పని చేస్తున్నది" అన్నాడు. ఆయన జీవితంలో గట్టిగా మాట్లాడిన సందర్భాలు అరుదు, అందులో అదొకటి.

మాట సాయం సులువే. తాగడమే కష్టమైంది. మొదటిసారి సహస్ర గోధుమరంగు సీసా తెచ్చి స్టీలు గ్లాసులో పోసింది. "దీంట్ల హాప్స్ అని ఒక తీగ పువ్వు వేస్తరు బాపూ. చేదు దానిదే. ముందు వాసన చూడు, జల్ది మింగకు" అంది. రాజం వాసన చూశాడు, మింగాడు. నేలవేము కషాయం నయమనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా బిడ్డ ఎదురుగా కూర్చుని చూస్తోంది కాబట్టి గుటకలు వేసి, సీసా కూడా వంచేసి, "మంచిగున్నది బిడ్డా" అన్నాడు.

"మొత్తం తాగినవా బాపూ" అని సహస్ర నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఎందుకు ఆగిపోయిందో ఆయనకు అర్థం కాలేదు.

తనకు తెలియని తన అలవాటు ఒకటి ఆ పిల్లకు తెలుసు. ఆమె చిన్నప్పుడు గని క్యాంటీన్‌లో ఏది పెట్టినా రాజం ముందు ఒక ముక్క నోట్లో వేసుకునేవాడు. బాగోకపోతే అక్కడే మొత్తం తినేసేవాడు, తిండి పారేయడం ఆయనకు చేతకాదు. బాగుంటే సగంలో ఆగిపోయేవాడు. మిగతా సగం కాగితంలో చుట్టి, నూలు దారంతో పళ్ళతో తప్ప ఊడని ముడి వేసి ఇంటికి తెచ్చేవాడు. డ్యూటీ దిగి వచ్చే తండ్రి మొహం కంటే ముందు సహస్ర ఆయన చేతిలో దారం ఉందా అని చూసేది.

ఆ తర్వాత ఆమె వచ్చినప్పుడల్లా సీసాలు తెస్తూనే ఉంది, ఆయన డ్యూటీ దిగి తాగుతూనే ఉన్నాడు. అది కూడా ఒక షిఫ్టులా, చివరి చుక్క దాకా. ఈమధ్య తెచ్చినవి మాత్రం వేరు. అవి వేరేవాళ్ళు చెప్పినట్టు కాచినవి కావు, సహస్ర సొంతంగా కుదిర్చినవి. "అక్కడోళ్ళు బాగున్నదన్నరు బాపూ. నువ్వంటెనే నాకు ధైర్యం" అని చెప్పి వెళ్ళింది. వాటిలో ఒక్క సీసా మిగిలింది. తల్లి మెచ్చదు, చుట్టాలు మెచ్చరు, కనీసం తానైనా ఉత్తుత్తిగా కాకుండా నిజంగా మెచ్చాలని రాజం కోరిక. నాలుకేమో వినడం లేదు. అందుకు ఆయనకు నిజంగానే దుఃఖంగా ఉంది.

షిఫ్టు అయిపోయి పైకి వస్తుంటే రాజానికి ఛాతీ బరువుగా అనిపించింది. ఒకచోట ఆగి గోడకు చెయ్యి ఆనించాడు. వెనకే వస్తున్న బిక్షం, "ఏందన్నా, ఇయ్యాల నోట్ల బెల్లం లేదు?" అని అడిగాడు.

పనిలో చేరిన కొత్తలో పెద్దవాళ్ళు చెప్పిన మాట అది. పైకి వచ్చేటప్పుడు బెల్లం ముక్క చప్పరిస్తే గొంతులోని బొగ్గు దుమ్ము కడుపులోకి దిగిపోతుందని. దిగుతుందో లేదో గానీ, ఇల్లు చేరి స్నానం అయ్యాక కూడా రాజం దవడలో బెల్లం కరుగుతూనే ఉండేది. పోశవ్వ రోజూ టిఫిన్ గిన్నెలో పెట్టేది.

"మీ వదినె ఉన్న బెల్లమంత పోలెల పూర్ణానికి ఊడ్చిందిరా. బిడ్డ వస్తున్నది కదా."

"మరి బిడ్డ ఇచ్చిపోయిన ఆ బీరు కషాయం ఎట్ల తాగుతవన్నా ఇయ్యాల?"

"అలవాటైతది తియ్. బొగ్గుబాయి అలవాటు కాలేదా మనకు?"

ఇంటికి వచ్చి స్నానం చేసేసరికి పోశవ్వ లేదు, కూరగాయలకు మార్కెట్‌కు వెళ్ళింది. పోలెలు గిన్నెలో మూత కింద ఉన్నాయి. రాజం ఫ్రిజ్ తీసి, ఆ చివరి సీసా పట్టుకుని వరండాలో మంచం మీద కూర్చున్నాడు. గ్లాసులో పోసి, బిడ్డ చెప్పినట్టే వాసన చూసి, కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాడు.

చేదు వచ్చింది. కానీ ఎప్పటిలా గొంతు పట్టుకుని కూర్చోలేదు, వచ్చి పక్కకు జరిగింది. దాని వెనకాల బత్తాయి తొక్క గిల్లినప్పటి వాసన, ఆ వెనక తడిసిన గడ్డి వాసన. వానాకాలం షిఫ్టు దిగి గని నోట్లోంచి బయటికి అడుగు పెట్టగానే ముక్కుకు తగిలే మొదటి గాలి ఎలా ఉంటుందో అలా ఉంది. రాజం కళ్ళు తెరిచాడు. నమ్మలేక ఇంకో గుక్క తాగాడు. అదే గాలి.

కాసేపటికి గానీ సంగతి తట్టలేదు. నోట్లో బెల్లం లేదు. తీపి నోటితో ఏది తాగినా చేదేనని పసిపిల్లలకు కూడా తెలుసు, తనకే తట్టలేదు. "పిచ్చోని లెక్క ఇన్నొద్దులు బెల్లం నోటితోని తాగిన గదరా!" అని పైకే అనుకుని ఒక్కడే నవ్వాడు. ఆ నవ్వుకు చూరు కింద పిచ్చుకలు లేచిపోయాయి.

వెంటనే ఫోన్ చేశాడు. "బిడ్డా, నీ బీరు మంచిగున్నది."

"నువ్వెప్పుడు గట్లనే అంటవ్ బాపూ" అంది సహస్ర, పని చప్పుడులోంచి.

"గట్ల కాదు బిడ్డా, ఈసారి నిజంగ."

"సరే సరే. పొద్దుగాల వస్త కదా. నువ్వు పైలం."

రాజం ఫోన్ పక్కన పెట్టాడు. తాగాలని చెయ్యి సీసా మీదికి పోతోంది, ఆపుకోవడం కష్టంగానే ఉంది. అయినా సగంలో ఆపాడు. పోశవ్వ దాచిన కవర్లలోంచి చిన్నది ఒకటి తీసి సీసా మూతికి కప్పి, నూలు దారం చుట్టి, పళ్ళతో బిగించాడు. ఫ్రిజ్ తలుపులో, పెరుగు గిన్నె వెనకాల నిలబెట్టాడు. తర్వాత మంచం మీద ఒరిగాడు. చాలా రోజుల తర్వాత హాయిగా అనిపించింది.

దీపాలు పెట్టే వేళ పోశవ్వ సంచి దించి, "ఏందయ్యా, గీ యాళ్ళ పన్నవు?" అంది. పలకలేదు. భుజం పట్టి ఊపింది. చెయ్యి మంచం మీంచి కిందికి జారి, అలాగే వేలాడింది.

మూడో రోజు కాకి ముట్టాలని పిట్టకు పెట్టడానికి, పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో సర్దుతున్నారు. బిక్షం కొట్టునుంచి బీరు తెచ్చాడు. "నీ బీరు గూడ పెడుదమా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు.

సహస్ర తల అడ్డంగా ఊపింది. "వద్దు కాకా. బాపుకు పడకపోయేది. నా కోసం తాగెటోడు. ఎప్పుడు సీసా మొత్తం ఖాళీ చేసెటోడు. మొత్తం తిన్నడంటె నచ్చనట్టే కదా..." ఆఖరిసారి ఫోన్‌లో తానన్న మాట ఈ మూడు రోజులుగా ఆమెను తింటోంది.

పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచిన పోశవ్వ అక్కడే ఆగిపోయింది. "సహస్రా, ఇదేందే? సగమే తాగిండు మీ బాపు."

సహస్ర లేచి వచ్చింది. సీసాను తాకలేదు, ముందు దారం చూసింది. చూసి, ఫ్రిజ్ ముందే నేల మీద కూలబడి, మూడు రోజులుగా రాని ఏడుపు ఏడ్చింది. పోశవ్వ కూడా పక్కన కూర్చుని ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది.

"పిట్టకు పెడుదమా బిడ్డా?" అని తల నిమురుతూ అడిగింది.

"వద్దమ్మా. ఇది నాకు తెచ్చిండు."

తలుపు ఇంకా తెరిచే ఉంది. లోపలి చిన్న వెలుతురులో, పెరుగు గిన్నె వెనకాల, మూతికి కవరు కట్టుకుని సగం సీసా నిలబడి ఉంది, పళ్ళతో తప్ప ఊడని ముడితో.