లువాన్ వారి కాలి చిటికెనవేలు

డెబ్భై ఏళ్ళ తర్వాత లువాన్ ఇంటిపేరు వారి వంశావళిని మళ్ళీ అచ్చు వేస్తున్నారనేసరికి ఊళ్ళో ఎవరి కాళ్ళూ నేల మీద నిలవలేదు. ఛియావ్‌యున్‌కి మాత్రం నిద్ర పట్టలేదు. వాళ్ళ నాన్న లైషున్‌ని ఒక కరువు ఏడాది ఎవరో గోధుమ కళ్ళంలో గంపలో పెట్టి వెళ్ళిపోతే, లువాన్ వారే ఎత్తుకొచ్చి పెంచారు. పాత పుస్తకంలో ఆయన పేరు ఎక్కలేదు. ఆ దిగులుతోనే పోయాడు పాపం. ఈసారీ ఎక్కకపోతే ఇక ఎప్పటికీ ఎక్కదు.

"పెంపుడువాళ్ళకి చోటు లేదమ్మాయ్," అన్నాడు కులపెద్ద హోంగ్‌జాన్. "ఆరువందల ఏళ్ళ కిందట షాన్‌షీ రాష్ట్రం నుంచి నడిచొచ్చిన రక్తం మనది. కాలి చిటికెనవేలి గోరు రెండుగా చీలి ఉండటమే దానికి సాక్ష్యం. మీ నాన్న ఎవరో, ఎక్కడివాడో!"

"ఆయన గోరు చీలే ఉండేది బాబాయ్. నాదీ అంతే."

"నోటిమాట చెల్లదు. అందరికీ పరీక్ష పెడతాను. గోరు చీలినవాళ్ళే లువాన్లు!" అని కాగితం మీద రాసి, ముద్ర కొట్టి, పితృమందిరం తలుపుకి అంటించాడు. ఆయన పట్టుదల అలాంటిది.

మర్నాడు పొద్దున్నే మందిరం నిండా జోళ్ళు. వేణ్ణీళ్ళ బేసిన్లు మూడు, భూతద్దం ఒకటి, రాసుకోవడానికి రిటైరైన లెక్కల మాస్టారు. పందులు పెంచే ఆయన బ్లేడుతో గోరు చీల్చుకొచ్చి నెత్తురు కారుతుండగా పట్టుబడ్డాడు. ఒకావిడ జిగురుతో ఇంకో గోరు ముక్క అంటించుకొచ్చింది, అది వేణ్ణీళ్ళలో తేలింది. మధ్యాహ్నానికి రెండువందల పన్నెండు పాదాల జతలు చూశారు. అన్నీ నున్నగా ఉన్నాయి.

ఛియావ్‌యున్ కాలు పెట్టింది. మాస్టారు భూతద్దం కూడా ఎత్తలేదు. "చీలింది," అన్నాడు.

ఆఖరున హోంగ్‌జాన్ మేజోళ్ళు విప్పాడు. మాస్టారు కుడికాలు చూశాడు, ఎడమకాలు చూశాడు, వెలుతురు కోసం పెద్దాయన్ని కుర్చీతో సహా వాకిట్లోకి మోయించి మళ్ళీ చూశాడు.

"నున్నగానే ఉందన్నయ్యా."

"వయసుకి అతుక్కుపోయుంటుంది!"

"గోరు అతుక్కోదు. తలుపు మీదున్నది మీ ముద్రే కదా." మాస్టారు కలం తీసుకుని 'ఎక్కడినుంచి వచ్చారు' అన్న గడి నింపసాగాడు. లైషున్: షాన్‌షీ. హోంగ్‌జాన్: తెలియదు. పందుల ఆయన: తెలియదు. ముసలాళ్ళు ముక్కు చీదుకోవడం మొదలుపెట్టారు. ఆరువందల ఏళ్ళు ఒక్కపూటలో పోయాయి మరి.

హోంగ్‌జాన్ ఒంటి కాలికే మేజోడు తొడుక్కుని కూలబడి ఉన్నాడు. "నేనెవర్నే అమ్మాయ్?" అన్నాడు.

ఛియావ్‌యున్‌కి నాన్న గుర్తొచ్చాడు. ఆయన బతికినంతకాలం అడిగిన మాట అది. ఈయన్ని నాలుగు దులుపుదామనే వచ్చింది తను. తీరా మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, అందరికీ షాన్‌షీ అనే రాయండి," అంది.

"ఆధారం?"

"మా నాన్న వెంట వచ్చారని రాయండి."

"మీ నాన్న వచ్చి ఎనభై ఏళ్ళేగా! వీళ్ళు ఆరువందల ఏళ్ళ నుంచీ ఉన్నారే."

"గంపలో వచ్చాడు కదండీ, ఆలస్యమయింది," అంది ఛియావ్‌యున్, కళ్ళు తుడుచుకుంటూ. "వీళ్ళు ముందొచ్చి ఎత్తుకున్నారు."