ఎర్తు గుంతలో రెండు బిందెలు

సుమనకు మాట పోయి రెండేళ్లయింది. గొంతులో గడ్డ తీసిన డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు గానీ మాటను నిలబెట్టలేకపోయారు. అప్పటి నుంచి ఆమె టాబ్‌లో టైపు చేస్తే, అందులోని ఆడగొంతు చదివి వినిపిస్తుంది. భువనగిరి దగ్గరి ఆ ఊళ్లో ఇవాళ చేనేత సంఘం సభ. మగ్గానికి నూలు కండెలు చుట్టే ఆడవాళ్లకూ సభ్యత్వం కావాలని ఆమె రెండు వందల మంది ముందు అడగాలి. మగ్గం మీది మగవాడికి కార్డుంది, పొద్దంతా రాట్నం తిప్పే ఆడదానికి లేదు. నోరున్నవాడిదే రాజ్యమని ఊరికే అన్నారా!

మైకు లచ్చయ్య టాబ్‌ను మిక్సర్‌కు కలపగానే సౌండు బాక్సులు బుర్రుమన్నాయి. టాబ్ మాట ఆ మోతలో మునిగిపోయింది. వైరు మార్చాడు, లాభం లేదు. చార్జరు పీకాడు, మోత టక్కున ఆగింది. హమ్మయ్య అనుకునేలోపే టాబ్ ఆరిపోయింది. దాని బ్యాటరీ ముసలిదై చాలా కాలమైంది. మళ్లీ చార్జరు పెడితే మళ్లీ మోత.

"నా మిక్సర్ మంచిగనే ఉన్నది బిడ్డా, నీ టాబే ఖరాబైంది" అన్నాడు లచ్చయ్య. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

సంఘం అధ్యక్షుడు దామోదర్ చెయ్యి చాపాడు. "యాళ్లయితాంది చెల్లె. నువ్వు రాసుకొచ్చింది ఇటియ్యి, నేనే సదువుత."

పోయినేడూ ఆయనే చదివాడు. ఆమె రాసిన పది ముక్కలు ఆయన నోట్లో రెండై, చివరికి సంఘానికి దండం పెట్టి ముగిశాయి. సుమనకు ఒళ్లు మండింది.

కోపంలో మిక్సర్ మీద చెయ్యి ఆనించింది. వేళ్లు చిమచిమలాడాయి, మోత సగం తగ్గింది. చెయ్యి తీస్తే మళ్లీ పెరిగింది. ఆలేరు దగ్గర తల్లిగారింట్లో బోరు మోటారు డబ్బా కూడా ఎండాకాలం ఇట్లాగే చిమచిమలాడేది. ఎర్తు ఎండిందని బాపు ఆ వైరు పాతిన గుంతలో ఉప్పేసి నీళ్లు పోసేవాడు. ఇప్పుడు మే నెల.

ఆమె సభ భోజనాలు వండుతున్న చోట రెండు గుప్పిళ్లు ఉప్పు తీసుకుని, నీళ్ల బిందె ఎత్తుకుని, హాలు వెనక కరెంటు మీటరు దగ్గరికి నడిచింది. దాని కింద ఎర్తు గుంతలో మట్టి నెర్రెలిచ్చి ఉంది. ఉప్పు చల్లి బిందె కుమ్మరించింది.

"తాగే నీళ్లు గట్ల పారవోస్తున్నవేంది?" అని దామోదర్ కేకేశాడు. జవాబు చెప్పడానికి చేతిలో టాబ్ లేదు. ఆమె రెండో బిందె కూడా తెచ్చి పోసింది.

లోపల మోత సన్నబడి, సన్నబడి, పోయింది. లచ్చయ్య మిక్సర్‌ను తడిమి చూశాడు. "అరె, చిమచిమ కూడ లేదు. తప్పు నాదే బిడ్డా, ఎర్తు సూసుకోలే" అన్నాడు.

టాబ్ గొంతు హాలంతా స్పష్టంగా వినిపించింది. "కండెలు లేంది మగ్గం నడుస్తదా? చుట్టేటోళ్లకు సభ్యత్వం ఇయ్యుండ్రి."

"ఎన్నడు లేని రివాజు ఇప్పుడెందుకు చెల్లె?" అన్నాడు దామోదర్.

సుమన టైపు చేయడం మొదలుపెట్టింది. ఒక్క వేలు, నెమ్మదిగా. ఆయన క్షణం చూసి, "సరే, ఇగ రెండో విషయం" అంటూ కాగితం తిప్పాడు.

వెనక వరసలోంచి కండెల భద్రమ్మ లేచి నిలబడింది. "ఆగు దామోదరూ! ఆమె ఇంకా మాట్లాడుతాంది."

సుమన తల వంచుకుని ఒక్కో అక్షరం నొక్కుతూ పోయింది. రెండు వందల మంది ఆగారు.