నీటి మీద రా

పొద్దున్నే అంట్లు తోమడం అయ్యాక పోలమ్మ కూతుర్ని రేవు మెట్టు మీద కూర్చోబెట్టుకుని గోదారి మీద అక్షరాలు దిద్దించేది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కొత్తల్లో, సఖినేటిపల్లిలో మాట ఇది. పోలమ్మ మొగుడు వెంకన్న ఆ రేవులో జనాన్ని పడవ మీద దాటించేవాడు. పెళ్ళికి ముందు ఆవిడ నర్సాపురంలో ఒక దొరసానిగారింట్లో దంపుళ్ళకి వెళ్ళేది. దొరసాని అరుగు మీద ఆడపిల్లలకి అక్షరాలు చెబుతుంటే, ఈవిడ రోకలి దించకుండానే అన్నీ నేర్చేసుకుంది.

కూతురు మరిడికి అయిదో ఏడు. వేలితో నీళ్ళ మీద గీస్తే తప్పు రాసింది మునిగిపోయేది, సరిగ్గా రాసింది తేలేది. తేలిన అక్షరం ఆటుకి దిగువకీ పోటుకి ఎగువకీ తిరుగుతూ మర్నాటిదాకా ఉండేది. మరిడి రాసిన ఠ కడుపులో చిత్తపరిగె చేపపిల్లలు తిరిగేవి. జాలర్లు వల విసరబోతూ, "నీ ఠ కాస్త పక్కకి జరగనీ పిల్లా" అని ఆగేవారు.

"నాన్న పడవ కనపడితే ఏమంటావే?" అని అడిగేది పోలమ్మ.

"రా అంటాను."

"కాకొచ్చి కంచంలో ముక్కు పెడితే?"

"పో!"

"చూసేవా, ఒక్కక్షరమే మాటైపోయింది. రెండూ రాయి."

వెంకన్న కూడా ఓసారి వేలు ముంచేడు. రాసిందల్లా మునిగింది.

"నా చేతికి తెడ్డే అలవాటు పోలీ."

"రాయడం రాకపోతే పోనీ, చూస్తూండు మావా."

అప్పట్నుంచీ పడవ కడుతూ, విప్పుతూ ఓ కంట పాఠం చూసేవాడు.

శ్రావణంలో ఓ మధ్యాహ్నం నర్సాపురం నుంచి జనాన్ని తెస్తుంటే నడి గోదార్లో వాన కమ్మేసింది. ఏ గట్టూ కనపడదు. ఎర్రటి వరద పడవని దిగువకి లాగేస్తోంది. దిగువన అంతర్వేది, అది దాటితే సముద్రమే. పడవలో కొబ్బరితోటల ఆసామి బంగారరాజుగారూ, చంటిబిడ్డని కొంగులో చుట్టుకున్న ఆయన కోడలు సావిత్రీ ఉన్నారు.

"అదిగోరా, మీ పిల్ల అక్షరం! దాని వెనకాలే పోనీ!" అని అరిచేరు బంగారరాజుగారు.

వెంకన్న తెడ్డు ఎత్తి, ఆగిపోయేడు.

"ఆగుతావేంట్రా? కొట్టుకుపోతున్నాం!"

"పైన నోరు తెరుచుకునుందండి. ప అది. ఓత్వం కూడా ఉంది. పో అండి... నిన్నటి పాఠం. సముద్రంలోకి పోతోందండి."

అన్నాడే గాని తెడ్డు ఇంకా వెయ్యలేదు. తప్పు చదివితే బిడ్డతో సహా అందరూ పోతారు. వానలోకి కళ్ళు చికిలించి చూసేడు. ఇంకో అక్షరం వచ్చింది. గుండ్రంగా, నోరు మూసుకుని, పక్కన దీర్ఘంతో.

"రా" అని గట్టిగా చదివేడు.

దాని వెనక ఇంకోటి. ఆ వెనక మరోటి. ఒకే వైపు నుంచి బారుగా వస్తున్నాయి. వెంకన్న వాటికి ఎదురు తిప్పి, ఒక్కొక్కటీ చదువుతూ తెడ్డు వేసేడు. పడవలో వాళ్ళూ అతనితో పాటు "రా, రా" అంటూ గొంతు కలిపేరు. పసిబిడ్డ ఏడుపు మానేసి విన్నాడు.

రేవులో మరిడి మెట్టు మీద బోర్లా పడుకుని రాస్తూనే ఉంది. పిల్ల జారిపోకుండా పోలమ్మ దాని కాళ్ళు పట్టుకుని కూర్చుంది. పడవ ముక్కు మెట్టుకి తగిలాకే పిల్ల తలెత్తింది.

వెంకన్న దిగి, తడిసి ముద్దయిన కూతుర్ని భుజానికెత్తుకున్నాడు.

"నువ్వు చదువుకున్నావా వెంకన్నా?" అని అడిగింది సావిత్రి.

వెంకన్న జనమంతా వినేలా గొంతెత్తేడు.

"ఆయ్! మా అమ్మాయి రాసిందండి. నేను చదువుకుని వచ్చేను."