ముందు చదివి వినిపించండి

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఇది: ఏదో ఒక రోజు పనిలో కళ్ళు పోగొట్టుకుని, ఇంటికెళ్ళి నాలుగేళ్ళ కూతురి ముఖాన్ని చేత్తో తడుముకుని చూడాల్సి వస్తుందేమోనని.

ఆ భయం ఆమె ఎదుటే నిజమైంది. పోయినవి మాత్రం అత్త కళ్ళు.

ఆసుపత్రుల దుప్పట్లు, తలగడ గలేబులు, ఆపరేషన్ గౌన్లు వచ్చిపడే లాండ్రీ ఫ్యాక్టరీ అది. నలభైమంది ఆడవాళ్ళు పనిచేస్తారు. రక్తపు మరకల బట్టల్ని ముందు వేడినీళ్ళ తొట్టిలో నానబెడతారు. తొట్టి పక్కన డ్రమ్ములు వరసగా ఉంటాయి. నీలం మూతది సబ్బు ద్రావణం. మగ్గుతో ముంచి తొట్టిలో పొయ్యడమే. ఎర్ర మూతది మరకల మందు. అది చుక్క పడితే చర్మం ఊడొస్తుంది కాబట్టి సూపర్‌వైజరు తప్ప ఎవరూ ముట్టరు. డ్రమ్ముల మీద ఇంగ్లీషులో ఏదో బారెడు రాసుంటుంది. దాన్ని చదివేవాళ్ళు లేరు. మూత చూస్తారు, ముంచుతారు. అత్త పదకొండేళ్ళుగా అలాగే ముంచింది.

ఆ సోమవారం కొత్త డ్రమ్ములు దిగాయి. అన్నిటికీ నీలం మూతలే.

అత్త మూత తీసింది, మగ్గు ముంచింది, వేడినీళ్ళలో కుమ్మరించింది. తొట్టి బుస్సుమని పైకి లేచి ఆమె ముఖాన్ని కొట్టింది.

కోడలు గలేబుల కుప్ప మీంచి దూకి, గొట్టం లాగి అత్త ముఖం మీద నీళ్ళు వదిలింది. వెనక నుంచి సూపర్‌వైజరు అరుస్తున్నాడు. "మెషీన్లు ఆపకండి! సాయంత్రానికి గౌన్లు పోవాలి!"

కోడలిని అక్కడ అందరూ 'ఎనిమిది' అంటారు. ఎనిమిదో తరగతి వరకు చదివింది, ఆ ఏడాదే పుస్తకాలు మడిచి పెళ్ళి చేశారు. మిగతావాళ్ళలో ఎవరూ మూడు దాటలేదు కాబట్టి ఆ అంకె ఆమెకు పేరుగా మిగిలింది. మొగుడు లారీ మీద పోతే నెలకు రెండుసార్లు కనిపిస్తాడు. ఇంట్లో ఉన్నది అత్తా, తనూ, పిల్లా.

శుక్రవారం ఆసుపత్రిలో డాక్టరు ఒక్క ముక్కలో చెప్పాడు. ఎడమ కన్ను పోయింది. కుడిది దక్కాలంటే రెండు వారాల్లో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ జరగాలి. పనిలో జరిగిన ప్రమాదమని కంపెనీ ఒక ఉత్తరం రాసిస్తే వాళ్ళు చేర్చుకుంటారు.

ఉత్తరం కోసం ఎనిమిది మేనేజరు గది ముందు నాలుగు రోజులు నిలబడింది. ఐదో రోజు మేనేజరే అందర్నీ పెరట్లోకి పిలిచాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఒక కాగితం.

"ఈమె అత్త అక్షరాస్యురాలు" అన్నాడు. "కంపెనీ క్లాసులో చదువుకుంది. డ్రమ్ముల మీద రాసింది చదివి పనిచేస్తానని సంతకం పెట్టింది. ఇదిగో. చదవగలిగి కూడా చదవకపోతే మాదా తప్పు? ఉత్తరం రాదు. ఆమెకిక ఉద్యోగం కూడా లేదు."

ఎండలో ప్లాస్టిక్ మెరిసింది. కాగితం కింద వంకర టింకర ఇంగ్లీషు అక్షరాలు. ఎనిమిది వాటిని గుర్తుపట్టింది. గుర్తుపట్టక ఎక్కడికి పోతుంది? అవి అత్త చేత రాయించింది తనే.

ఆ క్లాసు సంగతి చెప్పాలి.

మొన్న చలికాలంలో, భోజనాల బెల్లు తర్వాత అరగంట చొప్పున మూడు నెలలు నడిచింది. ఇస్త్రీ షెడ్డులో నల్లబల్ల పెట్టారు. ఒక కుర్ర మేడం వచ్చింది. పేరు ఇంగ్లీషులో రాయడం, అదే పాఠం. ఇస్త్రీ అక్క తన పేరు బల్ల మీద చూసి గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, నా పేరు ఇంత పొడుగా! రైలుబండిలా ఉందే! నా పెళ్ళికి ముందే ఎవరైనా చెప్పుంటే సగం కోయించుకునేదాన్ని కదే!"

మేడం ఒక్కతే చాలక ఎనిమిదిని సాయం పెట్టుకుంది. అత్త పెన్నును గరిటె పట్టినట్టు పట్టేది. కోడలు ఆ పిడికిలి మీద తన చెయ్యి వేసి దిద్దించేది.

"అంత నొక్కకు అత్తా, కాగితం చిరుగుతుంది."

"మీ మామ కూడా నా చెయ్యి ఇంత గట్టిగా పట్టుకోలేదే" అనేది అత్త, పళ్ళన్నీ బయటపెట్టి.

పేర్లు వచ్చాక ఒకరోజు ఎనిమిది మేడంని అడిగింది. "ఇక డ్రమ్ముల మీదివి, గోడల మీదివి చదవడం నేర్పండి మేడం. మన అక్షరాలు కూడా. పెద్దవాళ్ళకు అవే రావు."

మేడం తల దించుకుంది. "కంపెనీ ఇచ్చిన పాఠం పేరు వరకేనమ్మా."

సర్టిఫికెట్లు ఇచ్చారు. ఫొటో తీశారు. మర్నాటి నుంచి ఆఫీసు బల్ల మీద వేలిముద్రల ఇంకు ప్యాడ్ కనబడలేదు. కాగితాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. అందరూ వరసలో నిలబడి, నాలిక కొస పంటి మధ్య పెట్టుకుని, మురిసిపోతూ పేర్లు రాశారు.

ఇప్పుడు ఆ మురిపెం ప్లాస్టిక్ కవర్లో ఉంది.

మేనేజరు ఇంకో మాట కూడా చెప్పాడు. "శనివారం ఇంకో కాగితం వస్తుంది. రెండు పేజీలు. అందరూ సంతకం పెట్టాలి. పెట్టనివాళ్ళు సోమవారం గేటు బయట."

మర్నాడు భోజనాల వేళ ఇస్త్రీ షెడ్డులో అందరూ పోగయ్యారు. డబ్బాలు ఎవరూ తెరవలేదు. అత్త స్నేహితురాలు, మడతల సెక్షన్ పెద్దమ్మ వచ్చి ఎనిమిదికి ఎదురుగా నిలబడింది.

"నువ్వే కదే చెయ్యి పట్టుకుని దిద్దించావు? నీ అత్త కన్ను నువ్వే తీశావు. మా కళ్ళు ఎప్పుడు తీస్తావు?"

ఎనిమిది నిన్నటి నుంచి ఆ మాటే తనను తాను అనుకుంటోంది.

ఇస్త్రీ అక్క ఇస్త్రీపెట్టె ఠప్పున దించింది. "ఆ పిల్లని తింటే నీ ఆకలి తీరుతుందా వదినా? డ్రమ్ములకు నీలం మూతలు పెట్టింది ఆ పిల్లా? క్లాసు పెట్టించింది ఆ పిల్లా? తిట్టాలంటే ఆ గదిలోవాణ్ణి తిట్టు. నేనూ గొంతు కలుపుతా."

"తిడితే కన్నొస్తుందా?"

"మరి ఏడిస్తే వస్తుందా?"

గుమ్మంలో నిలబడ్డ బాయిలర్ బాబాయి గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ళ మసి ముఖం మీద, రెండు పాత సమ్మెల్లో విరిగిన ముక్కు. తక్కువ మాట్లాడతాడు.

"ఆఫీసు గోడకు ఒక పటం ఉండేది, రూల్సుది. మన అక్షరాల్లోనే. మీ క్లాసు మొదలైన వారమే తీసేశారు. అందులో ఏముందో తెలుసా? వేలిముద్ర వేసేవాడికి కాగితమంతా వాడి భాషలో చదివి వినిపించాలి. చదివినవాడు కింద తన సంతకం చెయ్యాలి, నేనే చదివి చెప్పానని. సంతకం పెట్టేవాడికి ఇవేమీ అక్కర్లేదు. వాడు చదువుకున్నవాడి కిందే జమ."

గొట్టంలో ఆవిరి ఒక్కటే సన్నగా కూస్తోంది.

ఎనిమిది నెమ్మదిగా అంది. "అంటే మనకు రాయడం నేర్పింది వాళ్ళు చదివి చెప్పే పని తప్పించుకోడానికి."

"అదే తల్లీ."

"అయితే మళ్ళీ వేలిముద్రే వేద్దాం."

గొడవ లేచింది. మడతల పెద్దమ్మ చేతులు ఊపింది. "ఛీ! నా మనవరాలి బడికెళ్ళి సంతకం పెట్టొచ్చాను. అది అందరికీ చెప్పుకు తిరిగింది, మా అవ్వకు చదువొచ్చని. ఇప్పుడు మళ్ళీ వేలు ముంచనా? సిగ్గు కాదూ?"

"నాకూ సిగ్గే" అంది ఎనిమిది. "ఎనిమిది చదివి వేలు ముంచడమంటే చచ్చే సిగ్గు పెద్దమ్మా. కానీ ఆ రెండు పేజీల్లో ఏముందో నాకు తెలీదు. అక్షరాలు కూడబలుక్కుంటాను, అర్థం రాదు. అర్థం కానిదాని కింద పేరు రాయడం కంటేనా? పేరు రాయడం వరకే నేర్పి ఊరుకున్నవాడిది సిగ్గు. నాకెందుకు?"

పెద్దమ్మ చాలాసేపు తన బొటనవేలిని చూసుకుంది. "నేనొచ్చి నీ వెనకే నిలబడతా" అంది చివరికి. "నువ్వు వెనక్కి తగ్గావో, జుట్టు పట్టుకుంటా."

శనివారం వచ్చింది. పెరట్లో బల్ల వేశారు. మేనేజరు, పక్కన మేడం. క్లాసులో అందరికంటే ముందున్నది కాబట్టి ఎనిమిదినే మొదట పిలిచారు. ఉద్యోగం పోతే పిల్లకు పాలెక్కడివి, అత్తకు మందులెక్కడివి? వెనక నుంచి పెద్దమ్మ వేడి ఊపిరి మెడకు తగిలింది.

"ఇంకు ప్యాడ్ ఇవ్వండి సార్."

మేనేజరు నవ్వాడు. "నీకెందుకమ్మా? నీకు చదువొచ్చుగా."

"ఇది చదివేంత రాదు సార్. ముందు చదివి వినిపించండి. మన భాషలో."

"ఇందులో ఏముంది, మామూలు జాగ్రత్తలు."

"రెండు పేజీలూ మామూలేనా?" అన్నాడు బాయిలర్ బాబాయి వరస చివర నుంచి. "మామూలైతే చదివి, కింద సంతకం చెయ్యండి. మీకూ చదువొచ్చుగా!"

వరసలో నవ్వు పుట్టింది. మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. కాగితం మేడం చేతిలో కుక్కాడు. "చదివి తగలెయ్యండి!"

మేడం లేచి నిలబడింది. మొదటి పేజీ గబగబా చదివి చెప్పింది. రెండో పేజీ సగంలో ఆగింది.

"కానివ్వండి" అంది ఎనిమిది. "నాకు అక్షరం ఆగితే మీరేం చేసేవారు? కూడబలుక్కో అనేవారు కదా. కూడబలుక్కోండి మేడం."

మేనేజరు కాగితం లాక్కోబోయాడు. మేడం రెండడుగులు వెనక్కి జరిగి, ఈసారి గట్టిగా చదివింది.

"'ఆమె డ్రమ్ము మీద హెచ్చరిక చదివి కూడా, కావాలనే నిర్లక్ష్యం చేయగా మేమందరం కళ్ళారా చూశాము. ఇకముందు మాకు ఏ ప్రమాదం జరిగినా బాధ్యత మాదే.'"

ఇస్త్రీ అక్క మొదట అరిచింది. ఆ తర్వాత ఎవరి గొంతు ఏదో తెలియలేదు. బల్ల తలకిందులైంది. మేనేజరు ఆఫీసులో దూరి గొళ్ళెం పెట్టుకున్నాడు. బాయిలర్ బాబాయి లోపలికెళ్ళి ఆవిరి కట్టేశాడు. మెషీన్లు ఒకదాని తర్వాత ఒకటి నిట్టూర్చి ఆగిపోయాయి.

ఎనిమిది నేల మీద కూర్చుని, ఆ కాగితం వెనక్కి తిప్పి, మన అక్షరాల్లో రాసింది. రెండే ముక్కలు. అత్తకు ఉత్తరం ఇవ్వాలి. ప్రతి డ్రమ్ము మీదా మాకు తెలిసిన అక్షరాల్లో రాయాలి, చదవడం మాకు నేర్పాలి. రాసింది రెండుసార్లు పైకి చదివి వినిపించింది. కింద 'నేనే చదివి చెప్పాను' అని తన పేరు రాసింది, మన అక్షరాల్లో. ఇంకు లేదు. బాబాయి బాయిలర్ మసి చేటలో తెచ్చాడు. బొటనవేళ్ళన్నీ మసిలో మునిగాయి. అందరికంటే ముందు పెద్దమ్మది.

మిగిలిన మసిని నీళ్ళలో కలిపి, చీపురుపుల్లల కట్టతో ఎనిమిది ఆ కొత్త డ్రమ్ముల మీద రాసుకుంటూ పోయింది. చేతి వెడల్పు అక్షరాలు. 'మంట. ముట్టుకోకు.' వెనకాలే ఆడవాళ్ళంతా ఒక్కో అక్షరం పైకి చదువుతూ నడిచారు. వాళ్ళకు ఎవరైనా చదవడం నేర్పిన మొదటి పాఠం అది.

నాలుగో డ్రమ్ము దగ్గర పోలీసులు పట్టుకున్నారు. కంపెనీ సొత్తు పాడుచేసిందని కేసు. జీపు ఎక్కుతూ ఆమె మసి చేత్తోనే ముఖం తుడుచుకుంది. ఇస్త్రీ అక్కకు ఒక్కమాటే చెప్పింది. "పిల్ల నిద్రపోయేటప్పుడు చెవి పట్టుకుంటుంది. పట్టుకోనియ్యి."

స్టేషన్లో ఎస్సై ఒక కాగితం తోశాడు. "సంతకం పెట్టి ఇంటికి పో."

"ముందు చదివి వినిపించండి సార్."

ఇది జరిగి మూడు రోజులు. ఆయన చదవలేదు, ఆమె పెట్టలేదు. ఫ్యాక్టరీలో మెషీన్లు తిరగలేదు. ఆసుపత్రుల గుమ్మాల్లో దుప్పట్ల మూటలు కొండలయ్యాయి. మిగతా డ్రమ్ముల మీద ఎవరెవరో రాసేశారు. అక్షరాలు వంకరగా ఉన్నాయి గాని చదవడానికి వస్తున్నాయి. గేటు ముందు మిగతావాళ్ళంతా కూర్చున్నారు. మధ్యలో నల్లబల్ల ఉంది. కొలువు వదిలేసిన మేడం రెండు లిపుల్లోనూ పాఠం చెబుతోంది. నిన్నటి పాఠం 'ఉత్తరం'.

నిన్న సాయంత్రం మేనేజరు ఉత్తరం ఇస్తానన్నాడు. దానికి ముందు అత్త ఒక చిన్న కాగితం మీద పేరు రాస్తే చాలట. కోడలు లోపల ఉంది, ముసలిదానికి రెండు కళ్ళకూ కట్లు. ఇదే సమయమని వాడి లెక్క. గడువు ఇంకా మూడు రోజులే. గేటు దగ్గర మనవాళ్ళు కదలకూడదు, కదిలితే మెషీన్లు మొదలవుతాయి.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. పనివాళ్ళలో తీరిక ఉన్నవాళ్ళని, మరీ ముఖ్యంగా ఇంగ్లీషు చదవగలిగిన విద్యార్థుల్ని. ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు, కుళాయి పక్కన చివరి మంచం. ఒకసారి వెళ్ళి ఆమెను చూసి రండి. వెళ్ళగానే మీరెవరో చెప్పండి, ఆమె మిమ్మల్ని చూడలేదు. మంచినీళ్ళు అందుతున్నాయో లేదో కనుక్కోండి. తలగడ కింద చెయ్యి పెట్టి వెతకండి. అక్కడ మేనేజరు పెట్టించిన కాగితం ఏదైనా ఉంటే, ఆమె పక్కన కూర్చుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వినిపించండి.