కుండీ తాగిన నీళ్లు

కండక్టరుగారు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు ఇరుగుపొరుగంతా గుమ్మాల్లోకి వచ్చి చూశారు. రిటైరై ఎన్నేళ్లయినా ఆయన్ను పేరుపెట్టి పిలిచే అలవాటు ఆ వీధిలో ఎవరికీ లేదు. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, డాక్టర్లు లోపల కడ్డీ వేసి, ఇక మిగతాది ఇంటి దగ్గర చూసుకోండి, నర్సు వచ్చిపోతూ ఉంటుందని పంపించారు. కారు దిగి సొంత గడప చూడగానే పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వార్డులో ఉన్నన్నాళ్లూ ఆయన కోరుకున్నది ఒక్కటే, చావైనా బతుకైనా నా ఇంట్లోనే కావాలని.

ముందుగదిలో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. లేవడానికి వీలుగా కోడలు మంచం కోళ్ల కింద చెక్కలు పెట్టి ఎత్తు చేయించింది. చేతికందేలా నీళ్ల జగ్గు, గ్లాసు. పట్టుకు నడవడానికి నాలుగు కాళ్ల స్టాండు. కాలక్షేపంగా ఉంటుందని మంచం పక్క కిటికీలో ఒక మొక్క కుండీ కూడా పెట్టింది. కన్నకూతురైనా ఇంతకంటే ఏం చేస్తుందని ఆయన మనసు నిండిపోయింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

కోడలు వెనకగదిలో బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కొడుకు పొద్దున పనికి పోతే చీకటిపడ్డాకే రావడం. పగలంతా ఇంట్లో వాళ్లిద్దరూ, ఆ మిషను చప్పుడూ. ఆసుపత్రిలో తలగడ పక్కన బెల్లుండేది. నొక్కితే ముక్కూ మొహం తెలియని మనిషెవరో వచ్చేవాడు, వాడికది ఉద్యోగం. ఇక్కడ బాత్రూముకి వెళ్లాలంటే కోడల్ని కేకెయ్యాలి. కేకేస్తే మిషను ఆగిపోతుంది. ఆ అమ్మాయి చేతిలో పని వదిలేసి వచ్చి, ఆయన్ను తలుపు దాకా నడిపించి, బయట నిలబడి, మళ్లీ తెచ్చి పడుకోబెట్టాలి. మిషను ఆగిన ప్రతిసారీ పెద్దాయనకి తలకొట్టేసినట్టయ్యేది.

ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. నీళ్లు తాగితేనే కదా లేవాల్సొచ్చేది, తాగకపోతే పీడా పోయె! కోడలు జగ్గు నింపి అటు వెళ్లగానే, ఇటు చెయ్యి చాచి కుండీలో వంపేసేవాడు. ఖాళీ జగ్గు చూసి ఆ పిచ్చితల్లి మురిసిపోయి మళ్లీ నింపేది. టిక్కెట్టు కొననివాణ్ణి బస్సు అవతలి కొస నుంచే మొహం చూసి పట్టేసిన మనిషి, తన మొహం మాత్రం ఎవరికీ దొరకదనుకున్నాడు.

నర్సు వచ్చి, నాలుక చూసి, చేతి మీద చర్మం పట్టి చూసి, నీళ్లు సరిగ్గా తాగుతున్నారా అని అడిగింది. కడుపు నిండా తాగుతున్నానన్నాడు. జగ్గులకి జగ్గులే ఖాళీ చేస్తున్నారని కోడలు సాక్ష్యం కూడా పలికింది. నర్సు నొసలు చిట్లించింది. ఒళ్లు ఇలా ఎండిపోతే కళ్లు తిరిగి మళ్లీ పడతారు, అప్పుడు తీసుకెళ్లి వార్డులో చేర్చడం తప్ప వేరే దారి లేదని తేల్చి చెప్పింది. వార్డు మాట వినగానే ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. అయినా తాగుతూనే ఉన్నానన్నాడు.

సరిగ్గా అప్పుడే కుండీ అడుగు నుంచి నీళ్లు కారడం మొదలైంది. గోడ మీదుగా జారి, నేల మీద పాకి, నర్సు కాళ్ల దగ్గరికొచ్చి ఆగాయి. ముగ్గురూ నీళ్ల వంక చూశారు. తర్వాత ఆకులు పండిపోయి వేలాడుతున్న మొక్క వంక చూశారు. ఆ తర్వాత ఇద్దరు ఆడవాళ్లూ ఆయన వంక చూశారు.

రేపు మళ్లీ వస్తాను, తీరు మారకపోతే అంబులెన్సుతోనే వస్తానని చెప్పి నర్సు వెళ్లిపోయింది. కోడలు గుడ్డ తెచ్చి నేల తుడిచింది. ఒక మాట తిట్టినా బాగుండునని ఆయనకి అనిపించింది. తుడవడం అయ్యాక మంచం అంచున కూర్చుని, ఎందుకిలా చేశారని మెల్లగా అడిగింది.

ఆయన గోడవైపు తిరిగాడు. "నేను పిలిచినప్పుడల్లా నీ మిషను ఆగిపోతోందమ్మా."

ఆమె లేచి, బీరువా వెతికి, తాడుతో సహా ఆయన పాత విజిల్ తెచ్చి మెడలో వేసింది. ఒక్కసారి ఊదితే ఆపు, రెండుసార్లు ఊదితే పోనీ. ఎన్నో ఏళ్లు ఆయన బతుకంతా దానితోనే నడిచింది.

"విజిలేసి బస్సాపమంటే మీ డ్రైవరు విసుక్కునేవాడు కాదా మామయ్యా?"

"ఎందుకు విసుక్కోడు? పొద్దస్తమానం సణిగేవాడు. సణుగుతూనే ఆపేవాడు."

"నేనూ అంతే. సణుగుతాను, ఆపుతాను. నాకు భయపడి మీరు మళ్లీ ఆసుపత్రికి పోతే మాత్రం నేను ఊరుకోను."

గ్లాసు నింపి చేతికిచ్చింది. ఆమె చూస్తుండగా చుక్క మిగలకుండా తాగాడు. నీళ్లింత తియ్యగా ఉంటాయని మరిచేపోయాడు. ఇంకో గ్లాసు తనే అడిగి తాగాడు.

వెనకగదిలో మిషను మళ్లీ మొదలైంది. కొంతసేపటికి రావలసిన అవసరం రానే వచ్చింది. చెయ్యి విజిల్ దాకా వెళ్లి వెనక్కొచ్చింది. మళ్లీ వెళ్లింది. కళ్లు మూసుకుని ఊదితే తుస్సుమంది. ఊపిరంతా కూడగట్టి మళ్లీ ఒక్కసారి ఊదాడు.

మిషను ఆగింది.

కాలరు మధ్యలో ఉన్నాను, ఇప్పుడే తోచిందా మీకు అని సణుక్కుంటూ వచ్చింది కోడలు. ఆ సణుగుడు వింటే పెద్దాయనకి ప్రాణం లేచొచ్చింది. నిజంగానే విసుక్కుంటోంది, నిజంగానే వచ్చింది. ఆమె భుజం ఆసరాగా లేచి నిలబడ్డాక ఆ అమ్మాయికి దండం పెట్టబోయాడు. రెండు చేతులూ స్టాండు మీదే ఉండాలని ఆమె కసిరింది.

చేతులు ఖాళీ లేవు, నోరూ ఖాళీ లేదు. పళ్ల మధ్య ఉన్న విజిల్‌ని రెండుసార్లు ఊదాడు.

బండి కదిలింది.